పెయింటు కింది అంకెలు

ఉదయం ఆరు గంటలకు గిన్నెలో వేసిన చెక్కముక్క తొమ్మిది కొట్టేసరికి పాత పుస్తకంలా విచ్చుకుంది.

డిటెక్టివ్ స్టవ్ ఆర్పి, మూత తీసి, వెంటనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. గది నిండా కళ్ళు మండించే ఘాటు. దాని వెనకే మరో వాసన, తడిబట్టలను వారం రోజులు మూటగట్టి వదిలేస్తే వచ్చే ముక్కవాసన. పట్టకారుతో చెక్కను పైకి లాగబోతే ఒక్క పొర మాత్రం ఊడి వచ్చింది. మిగతా పొరలు గోధుమరంగు నీళ్ళలో చచ్చిన బొద్దింక రెక్కల్లా తేలుతున్నాయి.

పక్క పొయ్యి మీద ఇంకో గిన్నె ఉంది. అందులో ఉడికింది నమ్మకమైన దుకాణంలో కొన్న ముక్క. అదే మందం, అవే ఏడు పొరలు, అవే మూడు గంటలు. దాన్ని బయటికి తీసి పొరల మధ్య కత్తిమొన పెట్టి తిప్పాడు. కత్తి జారింది గాని పొర కదల్లేదు. అసలైన వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మూడు రోజులు ఉడికినా విడిపోదు. దాని జిగురే వేరు. పొరకూ పొరకూ మధ్య ముదురు గోధుమరంగు గీతలా కనిపిస్తుంది. మొదటి ముక్కలో ఆ గీతలే లేవు. పాలిపోయిన తెల్లటి జిగురు. పుస్తకాల అరలకో, బట్టల బీరువాలకో సరిపోయే రకం. రోజూ నీళ్ళు పడేచోట వేస్తే దానికి నూరేళ్ళు నిండినట్టే.

వీపు మీద మాత్రం ఎర్రసిరాతో 'వాటర్‌ప్రూఫ్' అని ముద్ర. పైన పటారం, లోన లొటారం.

డిటెక్టివ్ సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. అయినా వాసన పోలేదు. యాభై మూడేళ్ళ మనిషి, సన్నగా, ఎండిన కొమ్మలా ఉంటాడు. ఒకప్పుడు చెక్కలూ పలకలూ పరీక్షించే ప్రయోగశాలలో పనిచేశాడు. ఏదైనా విషయంలో దూరితే అవతలి వైపు తేలేదాకా వదలడని అక్కడివాళ్ళు అతనికి చెదపురుగు అని పేరు పెట్టారు. ఉద్యోగం వదిలినా పేరు వదల్లేదు.

ఎదురు కుర్చీలో కూర్చున్న ఆమె రెండు గిన్నెల వంకా మార్చి మార్చి చూస్తోంది. కుట్టుపని చేసే మనిషి. వేళ్ళకు సూది గుచ్చుకున్న గుర్తులు. వాళ్ళ భవనంలో మొన్నటిదాకా ఆమెను టైలరమ్మ అనేవాళ్ళు. మంగళవారం నుంచి అందరి నోటా ఒకటే మాట: కోడలు. ఆ మాట పలికే తీరులోనే తీర్పు ఉంది.

మంగళవారం తెల్లవారుజామున అయిదూ నలభైకి ఆమె అత్తగారు బాత్‌రూమ్‌లో కాలు పెట్టింది. నేల దిగిపోయింది. టైల్స్, బకెట్, మనిషి, అన్నీ కలిసి కింది గదిలో పడ్డాయి. అత్తగారు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అదే ఆసుపత్రికి చేరేలోపు ప్రాణం పోయింది. ఆ మధ్యాహ్నమే బిల్డర్ తరఫున ఒక నిపుణుడు వచ్చి చూసి వెళ్ళాడు. రాత్రంతా కుళాయి విప్పి వదిలేశారనీ, నిలిచిన నీటికి పలక మెత్తబడి కూలిందనీ రాసిచ్చాడు. ముందురోజు రాత్రి ఆఖరున స్నానం చేసింది కోడలు. కాబట్టి చావుకు కారణం ఆమె నిర్లక్ష్యం. సోమవారం ఉదయం స్టేషన్‌కు రమ్మన్నారు. వెళ్తే మళ్ళీ ఇంటికి పంపకపోవచ్చని లాయరు ముందే చెప్పాడు. ఓడలో పనిచేసే భర్త ఒడ్డుకు చేరడానికి ఇంకా అయిదు రోజులుంది. ఈరోజు శనివారం.

"అత్తయ్యకీ నాకూ పడేది కాదు సార్. దాచడం దేనికి? రోజుకు పది మాటలు అనుకునేవాళ్ళం," అందామె. "కానీ రాత్రి నేను కుట్టిన బట్టలన్నిటికీ గుండీలు కుట్టి పెట్టాకే ఆవిడ పడుకునేది. సోమవారం కూడా ఆరు చొక్కాలకు కుట్టింది. ఆ చొక్కాలు ఇంకా తీసుకెళ్ళలేదు వాళ్ళు. నా చేతి బట్టలు వద్దంటున్నారు."

బాత్‌రూమ్‌లో వాసన గురించి అత్తగారు మూడుసార్లు ఫిర్యాదు చేసిందట. మొదటిసారి చూస్తామన్నారు. రెండోసారి కింది గది కప్పుకు పెయింటు వేశారు. మూడోసారి గోడకు తగిలించుకోమని ఒక సువాసన బిళ్ళ ఇచ్చారు.

"బిళ్ళ," అన్నాడు డిటెక్టివ్.

"మల్లెపూల వాసనది," అంది కోడలు.

కూలిన నేల అంచులో మిగిలిన పలకనుంచి ఆమె తెచ్చిచ్చిన ఆ ఉడికిన ముక్కను అతను మైనపు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ బయల్దేరారు.

*

భవనానికి చేరేసరికి తొమ్మిదీ యాభై. కట్టి మూడేళ్ళయినా కాలేదు. కింద గదులు, పైన రెండు అంతస్తులు. ఇనుప దూలాల మీద ప్లైవుడ్ పలకలు పరిచి, వాటి మీద టైల్స్ అతికించి లేపిన కట్టడం. ఇలా కడితే తొందరగా అవుతుంది, బరువు తక్కువ. పలక మంచిదైతే, కోసిన అంచులకు పూత పూస్తే, నీళ్ళు పోయే దారి సరిగ్గా పెడితే చాలాకాలం నిలుస్తుంది కూడా.

గేటు దగ్గరే కేర్‌టేకర్ ఎదురొచ్చాడు. నడుముకు గుత్తెడు తాళాలు వేలాడేసుకుని తిరుగుతాడు గనక అందరూ అతన్ని తాళాలాయన అంటారు. లావాటి మనిషి, నవ్వుమొహం. కోడలిని చూడగానే నవ్వు కాస్త తగ్గింది. పరామర్శగా నాలుగు ముక్కలు చెప్పి, పైనుంచి నేల కూలి పడ్డ గది తనదేననీ, తానూ తన భార్యా రోజూ అందులోనే పడుకునేవాళ్ళమనీ, మోటారు వేయడానికి లేచాను గనక బతికాననీ, ఆ సమయానికి భార్య కూడా బయట ఊడుస్తోందనీ చెప్పుకొచ్చాడు. చాలాసార్లు చెప్పిన కథేమో, నున్నగా జారింది.

డిటెక్టివ్ అతని భద్రత గురించి ఏమీ అడగలేదు. నీళ్ళ గురించి అడిగాడు. ఇంతమందికి ఒకటే ట్యాంకు ఎలా సరిపెడుతున్నావని మెచ్చుకోలుగా అడిగేసరికి తాళాలాయన ఉబ్బిపోయాడు. తన చేతిలో ఉంటే చుక్క వృథా కాదనీ, రాత్రి పదకొండుకల్లా ట్యాంకు ఖాళీ అయిపోతుందనీ, మళ్ళీ పొద్దున్న అయిదున్నరకు తాను మోటారు వేస్తే తప్ప ఏ కుళాయిలోనూ తడి కనిపించదనీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. సోమవారం రాత్రి కూడా అంతే. మంగళవారం కూడా సరిగ్గా అయిదున్నరే.

"నేల పడింది ఎన్నింటికి?"

"అయిదూ నలభైకి సార్."

"రాత్రంతా కుళాయి విప్పి ఉందని పోలీసులకు చెప్పింది నువ్వే కదా?"

"నేనే సార్. నేను చూసేసరికి ధారగా కారుతోంది."

"పదకొండు నుంచి అయిదున్నర దాకా ఆ ధార ఎక్కడినుంచి వచ్చింది?"

తాళాలాయన చెయ్యి తాళాల గుత్తి మీదికి వెళ్ళింది.

కోడలు పదింటికి స్నానం చేసింది. కుళాయి వదిలేసిందనే అనుకున్నా రాత్రి ఒక గంట, తెల్లారి పది నిమిషాలు. ఆ కాస్త నీటికి మంచి పలక ఉబ్బను కూడా ఉబ్బదు. డిటెక్టివ్ ఆ మాట పైకి అనలేదు. పడ్డ గది తలుపు తీయమన్నాడు.

తలుపు తెరవగానే కుళ్ళు కంపు కొట్టింది. నాలుగు రోజులుగా మూసి ఉన్న గది. విరిగిన టైల్స్, ముక్కలైన పలక, మట్టి, అన్నీ ఒకే కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్ప మీద తెల్లటి దూదిలాంటి బూజు. చేతికి దొరికిన పలకముక్కను నొక్కితే నానబెట్టిన రొట్టెలా వేలు దిగింది, వేలి వెంట నల్లటి నీరు ఊరింది. ఇది ఒక రాత్రి కుళ్ళు కాదు. టైల్స్ సందుల్లోంచి రోజుకు చెంబెడు చొప్పున నెలల తరబడి నీళ్ళు తాగిన చెక్క. కింద పెయింటు పూత, పైన టైల్స్. తాగిన నీరు ఎటూ ఆరిపోయే దారిలేక లోపలే పులిసింది. గోడ మేకుకు ఇంకో మల్లెపూల బిళ్ళ వేలాడుతోంది. ఆ తీపి వాసనా ఈ కంపూ కలిసిపోయాయి. డిటెక్టివ్ గుమ్మంలోకి వెళ్ళి ఉమ్మి వచ్చాడు.

మళ్ళీ లోపలికి వచ్చి, కుప్పలో టైల్స్ ఒక్కొక్కటే పక్కకు పెట్టసాగాడు. నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటులో నాలుగు గుంటలు కనిపించాయి, మంచం కోళ్ళు చాలాకాలం అదిమిన గుంటలు. సరిగ్గా కుప్ప కిందే ఉన్నాయి. గుంటల నిండా శిథిలాల పొడి. మంచం మాత్రం లేదు. విరిగిన కోడు లేదు, చిరిగిన పరుపు లేదు, దూది పోగు కూడా లేదు. పై బాత్‌రూమ్ మొత్తం నెత్తిన పడితే మంచం పుల్లయినా మిగలాలి.

మంచం ఏమైందని అడిగితే, పోలీసులు తీసుకెళ్ళారన్నాడు తాళాలాయన. పోలీసులు తీసుకెళ్ళిన వస్తువుల జాబితా కోడలి సంచిలో ఉంది. అందులో బకెట్ ఉంది, చెంబు ఉంది, చెప్పుల జత ఉంది. మంచం లేదు. డిటెక్టివ్ జాబితా మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు. తాళాలాయన వైపు చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

పలకముక్కల్లో ఒకదాని అడుగువైపు పెయింటు తడికి ఉబ్బి చర్మంలా వేలాడుతోంది. దాన్ని గోటితో ఒలిచాడు. కింద చెక్క మీద రెండు సూది రంధ్రాలు, మధ్యలో అంగుళం దూరం. ఒకటి నిటారుగా దిగింది, ఇంకోటి కాస్త ఏటవాలుగా. వాటి పక్కన పెన్సిల్‌తో రాసిన అంకె: 38.

డిటెక్టివ్ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అదేంటి సార్?" అని గుమ్మంలోంచి అడిగింది కోడలు.

"చెక్కలో ఎంత తడి ఉందో చెప్పే మీటరు ఉంటుందమ్మా. రెండు సూదులుంటాయి దానికి. చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. ఇంట్లో వాడే మంచి చెక్కకు పన్నెండు, పధ్నాలుగు ఉంటే చాలు. ఇరవై దాటితే జాగ్రత్త పడాలి. ముప్పై దాటాక మీటరు చూపే అంకె అంత కచ్చితం కాదు, కానీ కింద మనుషుల్ని ఖాళీ చేయించడానికి ఆ అంకె చాలు. పెయింటు ఎప్పుడు వేశారు?"

సరిగ్గా పదహారు రోజులైందని ఆమె చెప్పింది. ఆ రోజు అత్తగారు పెయింటు వాసనకు తలనొప్పి వచ్చి పడుకుంది గనక బాగా గుర్తు.

గుచ్చింది పెయింటు కింద. అంటే నేల పడటానికి పన్నెండు రోజుల ముందే, ఇంకా ముందేనేమో, ఎవరో నిచ్చెన వేసుకుని ఈ కప్పులో సూదులు గుచ్చి, అంకె చదివి, రాసి, దిగి వెళ్ళిపోయారు.

*

"పనికిమాలిన చోట తవ్వడం నీకు అలవాటే కదా, చెదా."

గుమ్మంలో ప్రొఫెసర్ నిలబడి ఉన్నాడు. బిల్డర్ తరఫు నిపుణుడు. ఎక్కడా పాఠం చెప్పినవాడు కాదు, మాట తీరును బట్టి వచ్చిన పేరది. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో ఎనిమిదేళ్ళు పక్కపక్క బల్లల మీద పనిచేశారు. ఫెయిలైన పలకలకు పాసని సంతకం పెట్టమన్న రోజున చెదపురుగు ఉద్యోగం వదిలేశాడు. ప్రొఫెసర్ కలం తీశాడు. ఇప్పుడు చేతులకు తెల్లటి తొడుగులు, ముక్కు దగ్గర అత్తరు రుమాలు, భుజాన తోలు సంచి. తాళాలాయన ఫోన్ చేసి పిలిచినట్టున్నాడు.

కోడలిని చూసి ప్రొఫెసర్ తల పంకించాడు. జరిగింది ఘోరమేనన్నాడు. "కానీ ప్లైవుడ్ నీళ్ళను తట్టుకుంటుందమ్మా. మనుషుల నిర్లక్ష్యాన్ని తట్టుకోలేదు."

డిటెక్టివ్ జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. పొరలు విడిపోయిన ముక్క. "మూడు గంటలు ఉడికించా. నీ రిపోర్టులో ఇది వాటర్‌ప్రూఫ్ రకం అని రాశావు."

"ముద్ర ఉంది. ముద్ర చూసి రాశాను."

"సరే. చెక్క కుళ్ళడానికి ఎంతకాలం పడుతుందో ఈవిడకు నువ్వే చెప్పు. నాకంటే బాగా చెప్తావు."

పొగడ్త పనిచేసింది. తడి ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం బూజు బతకలేదనీ, ముప్పై దగ్గరికి వస్తే దానికి విందేననీ, అయినా వారాలూ నెలలూ తింటేగాని పలక బలం పోదనీ ప్రొఫెసర్ వివరించాడు. చెప్తున్నంతసేపూ అతని కళ్ళలో మెరుపు.

"మరి ఒక్క రాత్రి కుళాయికి ఎలా కూలింది?"

మెరుపు ఆరిపోయింది. ఒక్క రాత్రని తాను ఎక్కడా రాయలేదనీ, రోజూ రాత్రి వదిలేస్తున్నారేమోననీ సర్దుకున్నాడు. రిపోర్టులో రెండో పేజీ, నాలుగో పేరా అని కోడలు మెల్లిగా అంది. 'సోమవారం రాత్రి నుంచి మంగళవారం ఉదయం వరకు' అని ఉందట అక్కడ. నాలుగు రోజులుగా ఆ కాగితం తప్ప ఆమె వేరే ఏదీ చదవలేదు.

డిటెక్టివ్ పలకముక్కను తిప్పి రెండు రంధ్రాలనూ, అంకెనూ చూపించాడు. "దీన్ని ఎవరు గుచ్చారు?"

"నాకెలా తెలుస్తుంది? నేను ఈ భవనంలో అడుగుపెట్టిందే మంగళవారం మధ్యాహ్నం."

"నీ మీటరు ఒకసారి ఇస్తావా? ఒక సూది వంగి ఉండేది. ఎన్నిసార్లు మార్చమన్నా మార్చేవాడివి కాదు."

ప్రొఫెసర్ సంచిని భుజం మీంచి చంకలోకి లాక్కున్నాడు. కోర్టు అడిగితే ఇస్తానన్నాడు. సోమవారం ఎలాగూ కలుస్తాంగా అని కోడలి వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి డిటెక్టివ్‌కు ఇందాక చెక్కలోంచి ఊరిన నల్లటి నీరు గుర్తొచ్చింది. చెయ్యి చేసుకోవాలనిపించింది. చేసుకుంటే ఆ కంపు తనకూ అంటుకుంటుంది. ఊరుకున్నాడు.

తాళాలాయన వైపు తిరిగి, మరి ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నావని మామూలుగా అడిగాడు.

జవాబు అవసరం లేకపోయింది. వరండా చివర మూలగది తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపలినుంచి దగ్గు వినిపిస్తోంది. డిటెక్టివ్ నాలుగు అంగల్లో అక్కడికి చేరాడు. మిగతావాళ్ళు వెనకే వచ్చారు.

మూలగదిలో మంచం ఉంది. ఇనుప మంచం, కోళ్ళకు రబ్బరు టోపీలు, ఎక్కడా గీత పడలేదు. దాని మీద తాళాలాయన భార్య దుప్పటి కప్పుకుని పడుకుంది. మూడు రోజులుగా జ్వరమట. లేవబోతే డిటెక్టివ్ వద్దని వారించి, ఈ గదిలోకి ఎప్పుడొచ్చారమ్మా అని అడిగాడు.

"పదిహేను రోజులైంది బాబూ. పెయింటు వేసిన మర్నాడే వచ్చేశాం. ఆ గది మంచిది కాదు, మంచం తీసేద్దామని ఈయనే మోసుకొచ్చాడు." ఆమె మొగుడి వంక చూసింది. అతని మొహం చూసి, ఏదో అనకూడనిది అన్నానని అర్థమై దుప్పటి లాక్కుంది.

కోడలు ఒక అడుగు ముందుకు వేసింది.

"మీకు తెలుసు," అంది తాళాలాయనతో. అరవలేదు. "మంచం తీసేసుకున్నారు. అత్తయ్యకు బిళ్ళ ఇచ్చారు."

తాళాలాయన నేలచూపులు చూస్తూ గొణిగాడు. పైవాళ్ళకు చెప్పొద్దన్నారట. చెప్తే భవనం మొత్తం ఖాళీ అయిపోతుందన్నారట. తానెంత, తన బతుకెంత అన్నాడు. డిటెక్టివ్ వినడం మానేశాడు. అతని చూపు కప్పు మీద ఉంది. తెల్లటి పెయింటు, మంచానికి సరిగ్గా పైన, అరచేయి వెడల్పున ఉబ్బి ఉంది. ఉబ్బు చుట్టూ తేనెరంగు మరక.

కుర్చీ లాక్కుని ఎక్కాడు. గోటితో గీకగానే పెయింటు పొర తడి కాగితంలా ఊడొచ్చింది. రెండు సూది రంధ్రాలు. ఒకటి నిటారుగా, ఒకటి ఏటవాలుగా. పక్కన అదే పెన్సిల్, అదే చేతిరాత.

46.

"నలభై ఆరు," అని పైకి చదివాడు డిటెక్టివ్. "పడిపోయిన దానికి ముప్పై ఎనిమిది."

తాళాలాయన తలెత్తాడు. అంకె వంక చూశాడు, మంచం వంక చూశాడు, మంచం మీద దగ్గుతున్న భార్య వంక చూశాడు. ప్రొఫెసర్ వైపు తిరిగాడు.

"ఆ రోజు నిచ్చెన మీద నిలబడి మీరే కదా సార్ చెప్పారు, మూలగది బాగుంది, అక్కడికి మారిపొమ్మని."

మంగళవారం మధ్యాహ్నం తప్ప అడుగుపెట్టనివాడు నిచ్చెన మీద నిలబడ్డాడన్న మాట నలుగురి చెవుల్లో పడింది. ప్రొఫెసర్ రుమాలు ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"నువ్వు వెంటపడి విసిగించావు," అన్నాడు చివరికి. "ఏదో ఒకటి చెప్పాలి కదా."

తన పాతికేళ్ళ వృత్తిలో డిటెక్టివ్ హంతకుల్ని చూశాడు. కోపంతో చంపినవాళ్ళు, భయంతో చంపినవాళ్ళు. వాళ్ళతో కూర్చుని టీ తాగగలిగాడు. ఈ ఇద్దరితో ఒకే గదిలో గాలి పీల్చడం కష్టంగా ఉంది. ఒకడు తన మంచం జరుపుకుని ముసలామెను వదిలేశాడు. ఇంకొకడు నోటికొచ్చిన గది పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పైన కుళాయి తిరిగింది. బకెట్‌లో ధార పడుతున్న చప్పుడు. దాంతోపాటు గంభీరంగా ఒక రాగం.

పైన ఉండేది రిటైరైన బస్సు డ్రైవర్ అనీ, పదిన్నరకు మొదలుపెడితే గంటసేపు స్నానం చేస్తాడనీ, కాస్త చెవుడనీ కోడలు గబగబా చెప్పింది. చెప్తుండగానే కప్పు మీది ఉబ్బులోంచి గోధుమరంగు చుక్క ఒకటి సాగి, తెగి, దిండు మీద పడింది.

అందరికంటే ముందు గడప దాటింది ప్రొఫెసర్. తలుపు గడియకు సంచి పట్టీ తగులుకుంది. రెండుసార్లు గుంజాడు. పైన చెక్క కిర్రుమంది. సంచి వదిలేసి పరుగెత్తాడు.

తాళాలాయనా, డిటెక్టివూ మంచాన్ని మనిషితో సహా ఎత్తి వరండాలోకి మోశారు. ఆ తర్వాత డిటెక్టివ్ మెట్లెక్కి పై ఇంట్లోకి దూసుకెళ్ళి బాత్‌రూమ్ తలుపు రెండు చేతులతో బాదాడు. రాగం ఆగింది. కొంప మునిగినట్టు ఆ బాదుడేంటని లోపలినుంచి గద్దింపు. మునగడానికి సిద్ధంగా ఉంది, ఉన్నపళంగా బయటికి రమ్మని ఇతను అరిచాడు. ఒళ్ళంతా నురగతో, తువ్వాలు చుట్టుకుని డ్రైవర్ తలుపు తీశాడు. తిట్టడానికి నోరు తెరిచేలోపు డిటెక్టివ్ అతని చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు. నిండు బకెట్ లోపల ఉండిపోయింది. ఇద్దరూ చూస్తుండగానే బకెట్ నిదానంగా ఒక పక్కకు ఒరిగింది. దాని కింది టైల్స్ పళ్ళెంలా కుంగాయి. ఒక మెత్తటి చప్పుడు, పండిన గుమ్మడికాయ పగిలినట్టు. బకెట్ కనపడకుండా పోయింది.

డ్రైవర్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. కింద మూలగదిలో, మంచం ఉన్నచోట, టైల్స్ పగులుతున్న శబ్దం ఇంకా వస్తూనే ఉంది.

*

భవనంలో ఉన్న ప్రతి మనిషినీ బయటికి రప్పించేసరికి పదీ నలభై అయింది. తాళాలాయన గేటు పక్క చతికిలబడి, ఎవరూ అడగకుండానే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్‌లో అంతా చెప్పేస్తున్నాడు. ఎవరొచ్చారు, ఎప్పుడు నిచ్చెన వేయించారు, పెయింటు వేయమన్నది ఎవరు, కుళాయి కథ నేర్పింది ఎవరు. అత్తగారి పేరు చెప్పి ఒక్క చుక్క కన్నీరు పెట్టనివాడు, ఇప్పుడు తన భార్య చచ్చిపోయేదని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. డిటెక్టివ్ కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నాడు. సోమవారం స్టేషన్‌కు వెళ్ళాల్సింది ఎవరో తేలిపోయింది. అందులో అతనికి గెలిచిన సంతోషం ఏమీ కలగలేదు.

కోడలు అతని పక్కకు వచ్చి నిలబడింది. చేతిలో తోలు సంచి. గడియకు వేలాడుతుంటే తీసుకొచ్చానంది. మూత తెరిచే ఉందట, కాగితాలు జారిపోతుంటే పట్టుకుందట, ఒకటి కంటపడిందట. అది మీరు చూడాలి అంది.

మీటరు పైనే ఉంది. ఒక సూది వంగి ఉంది. దాని కింద నాలుగు మడతల కాగితం. ఆరు భవనాల జాబితా, అన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ పలకలు. ప్రతి గదికీ ఎదురుగా ఒక అంకె, అంకె పక్కన తీసుకోవలసిన చర్య. ఈ భవనం మూడోది. 38, పెయింటు. 46, పెయింటు. అలాగే కిందికంటా పెయింటు, పెయింటు, పెయింటు.

కోడలి వేలు ఆఖరి వరుస దగ్గర ఆగింది. ఆరోది కొత్తగా కట్టిన నృత్య పాఠశాల. పలకలు పరిచాక నెల రోజులు కప్పు లేకుండా వర్షంలో తడిశాయనీ, ఆరనివ్వకుండానే పైన నేల వేసి మూసేశారనీ ప్రొఫెసర్ చక్కటి చేతిరాతతో రాసుకున్నాడు. ఆ చేతిరాతలో ఎక్కడా తొట్రుపాటు లేదు.

'మొదటి అంతస్తు హాలు, 52. పెయింటు. ప్రారంభం శనివారం ఉదయం పదకొండు. పిల్లలు నూట ఇరవై మంది, ఒకేసారి నాట్యం.'

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. పదీ నలభై మూడు.